బండి పాతదైనా దుమ్ము కొత్తదే



పాత కార్లు ఉన్నవాళ్ళం, లేకపోయినా వాటి మీద మోజు ఉన్నవాళ్ళం మన సంఘంలో ఓ గుంపుగా తయారయ్యాం. ఈ గుంపులో అందరికంటే ఎక్కువసార్లు వినపడే ప్రశ్న ఇంజిన్ గురించి కాదు, పెయింటు గురించి కాదు. "అన్నా, ఎయిర్ ఫిల్టర్ ఎక్కడ దొరుకుతుంది?" అన్నదే. ముఖ్యంగా పాత స్పోర్ట్స్ కార్లు ఉన్న నలుగురైదుగురు ఈ మాట అడగని నెల లేదు. లక్షలు పెట్టి ఇంజిన్ బాగుచేయించుకున్నవాళ్ళు, అరచేతిలో పట్టే కాగితపు మడతల చుట్ట దగ్గర ఆగిపోతున్నారు.

దీని మీద మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ప్రశ్న తప్పుగా అడుగుతున్నాం. "ఫలానా కారు ఫిల్టర్ ఉందా?" అని అడిగినంతకాలం "లేదు సార్" అనే జవాబే వస్తుంది. "ఇంత వెడల్పు, ఇంత లోపలి రంధ్రం, ఇంత ఎత్తు ఉన్న ఎలిమెంట్ ఉందా?" అని అడగడం నేర్చుకోవాలి. అప్పటికీ దొరక్కపోతే, ఒక్కొక్కరం కాకుండా నలుగురం కలిసి చేయించుకోవాలి. ఈలోగా ఫిల్టర్ లేకుండా బండి నడపడం మాత్రం మానేయాలి. చెప్పదలుచుకున్నది ఇంతే. ఎందుకో వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మొదట ఒక విచిత్రం గమనించాలి. మన దగ్గర పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కి సామాను దొరకడం అనుకున్నంత కష్టం కాదు. ఎంజీఏ సంగతే తీసుకోండి. 1955లో ఇంగ్లండ్‌లో వచ్చిన రెండు సీట్ల కారు. దాని మొదటి రకంలో ఉన్నది 1489 సీసీ బీఎంసీ బీ సిరీస్ ఇంజిన్. మన అంబాసిడర్‌లో 1959 నుంచి దశాబ్దాలపాటు పెట్టిన పెట్రోల్ ఇంజిన్ కూడా అదే కుటుంబం, అదే 1489 సీసీ. బోరు, స్ట్రోక్ కొలతలు ఒక్కటే. పెళ్ళిళ్ళకు, ఎన్నికలకు, కలెక్టరు గారి క్యాంపులకు తిరిగిన ఆ తెల్ల అంబాసిడర్, ఎర్ర ఎంజీ ఒకే తల్లి పిల్లలన్నమాట. క్యామ్, కంప్రెషన్ లాంటివి తేడా ఉంటాయి కాబట్టి కొలత చూసుకోకుండా ఏదీ బిగించకూడదు. అయినా మన జేసీ రోడ్డులో పాత షాపుల వాళ్ళు రింగులు, బేరింగులు, గాస్కెట్ల దగ్గర చేతులెత్తేయరు. అంబాసిడర్ పుణ్యమా అని సామాను చాలాకాలం తయారైంది. ఉత్తర్‌పారా కర్మాగారం ఆగింది 2014లోనే కదా.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కథా దాదాపు అదే. 1962లో వచ్చిన ఆ కారుకు ఆధారం ట్రయంఫ్ హెరాల్డ్. హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి, సస్పెన్షన్ కూడా చాలావరకు దాన్నుంచే తీసుకుని స్పిట్‌ఫైర్ తయారుచేశారు. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. మన పెద్దవాళ్ళలో ఆ బండి స్టీరింగ్ పట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. కాబట్టి స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్ళకి కూడా దక్షిణాదిలో ఎక్కడో ఓ మూల చుట్టరికం కలుస్తుంది.

మరి ఇన్ని దొరికినప్పుడు ఫిల్టర్ ఎందుకు దొరకదు? చుట్టరికం ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి. అంబాసిడర్‌కి ఒక్క కార్బురేటర్, ఎత్తైన బానెట్. దాని కింద పెద్ద ఎయిర్ క్లీనర్ పెట్టుకోవడానికి కావలసినంత చోటు. స్పోర్ట్స్ కారుకి పక్కకు పడుకోబెట్టిన రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, తలకు తగిలేంత కిందికి బానెట్. అందుకని ఒక్కో కార్బురేటర్‌కి విడిగా చిన్న ఫిల్టర్ పెట్టారు. ఎంజీఏలో పళ్ళెంలాంటి గుండ్రటి డబ్బాలో నూనె తడిపిన తీగల జాలీ ఉండేది. 1962లో వచ్చిన ఎంజీబీలో రెండు డబ్బాలు, వాటిలో కాగితపు ఎలిమెంట్లు. వీటిని ఇక్కడ లక్షల్లో తయారుచేయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే రెండు కార్బురేటర్ల బండి ఇక్కడ లక్షల్లో లేదు. ఖరీదైన భాగానికి దేశంలో బంధువులున్నారు, చవకైన భాగానికి లేరు. మన కష్టానికి అసలు కారణం ఇది. ఇందులో షాపువాడి తప్పూ లేదు, మన అదృష్టం తప్పూ లేదు.

"ఫిల్టర్ లేకపోతే ఏమవుతుందిలే, ఆదివారం ఒక్క పూట తిప్పే బండేగా" అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళ కోసం ఒక చిన్న లెక్క. 1489 సీసీ నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన కొలత మేరకు గాలి పీలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం 2,200 లీటర్ల పైచిలుకు గాలి. నిజంగా అంత నిండదు. యాక్సిలరేటర్ సగమే తొక్కితే ఇంకా తగ్గుతుంది. ఎంత తగ్గించి చూసినా నిమిషానికి కొన్ని వందల లీటర్ల గాలి ఆ రెండు మూతుల్లోంచి లోపలికి పోతుంది. ఆ గాలి ఎక్కడిది? సర్జాపూర్ రోడ్డుది, వైట్‌ఫీల్డ్‌ది, మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనులు, అపార్ట్‌మెంట్ పునాదుల మధ్య మనం పీల్చే గాలే. రోడ్డు దుమ్ములో ఇసుక పాలు ఎక్కువ. ఇసుకంటే క్వార్ట్జ్. అది సిలిండర్ బోరు పోత ఇనుము కంటే గట్టిది. నూనెతో కలిసి రింగుకీ బోరుకీ మధ్య చేరితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఆ అరుగుదల ఒక్క రోజులో కనిపించదు. కనిపించేనాటికి నీలం పొగ వస్తుంది.

మన ఊరికి ఇంకో సంగతి ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రతీరంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. తీరానికి సరిపడేలా సర్దిన పాత కార్బురేటర్ ఇక్కడ కొంచెం పెట్రోల్ ఎక్కువ పాలుతోనే నడుస్తుంది. నంది హిల్స్ 1,478 మీటర్లు. అక్కడికెళ్తే ఇంకా ఎక్కువ. దానికి తోడు మూసుకుపోయిన ఫిల్టర్ ఉందనుకోండి, నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, ఎక్కలేక రొప్పే ఇంజిన్. అంటే ఫిల్టర్ లేకపోవడం ఎంత చేటో, ఊపిరాడని ఫిల్టర్ కూడా అంతే చేటు. "ఏదో ఒకటి తగిలించేస్తే సరి" అనే మాట ఈ రెండో వైపు నుంచి కూడా తప్పు.

ఇప్పుడు మనవాళ్ళు చేస్తున్న పనులు చూద్దాం. మూడు రకాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఫిల్టర్ డబ్బాలు పీకేసి మెరిసే బూరలు పెట్టడం. పైన సన్నటి జాలీ కూడా వేస్తారు. బానెట్ తెరిస్తే ఫోటోకి బాగుంటుంది, శబ్దం కూడా గంభీరంగా వస్తుంది. ఆ జాలీ తూనీగను ఆపుతుంది, దుమ్మును ఆపదు. పైగా పాత ఇంజిన్ ఒక్కోసారి కార్బురేటర్ వైపు మంట వెనక్కి తన్నుతుంది. ఎయిర్ క్లీనర్ ఆ మంటను బయటికి రాకుండా ఆపే అడ్డు కూడా. అది తీసేస్తే పెట్రోల్ చెమ్మ ఉన్న చోట మంటకు దారి ఇచ్చినట్టే. రేసు ట్రాక్ మీద అరగంట నడిపి, సీజన్‌కోసారి ఇంజిన్ విప్పేవాళ్ళ సంగతి వేరు. తాతగారి బండిని మనవడికి ఇద్దామనుకునేవాళ్ళ సంగతి వేరు.

రెండోది, చూడ్డానికి దగ్గరగా ఉన్న ఏదో ఎలిమెంట్ తెచ్చి, చుట్టూ స్పాంజి ముక్కలు, సీలెంటు కూరి మూత బిగించడం. మా గుంపులో ఒక పెద్దాయన కారుకి ఒక షెడ్డులో ఇలాగే చేశారు. షెడ్డు పేరు ఇక్కడ అనవసరం. బయటికి అంతా శుభ్రంగానే ఉంది. ఏడాది తిరక్కుండా బండి నూనె తాగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే డబ్బా లోపలి వైపు, కార్బురేటర్ మూతి దాకా, సన్నటి ఎర్రమట్టి చార. గాలి ఎలిమెంట్‌లోంచి పోవడం మానేసి స్పాంజి పక్కనుంచి పోయింది. ఎటు సులువుగా ఉంటే గాలి అటే పోతుంది. వెంట్రుకవాసి సందు చాలు. రీబోరింగ్ ఖర్చు విని ఆయన బండి అమ్మేద్దామనుకున్నారు. కొనడానికి వచ్చినవాడు బేరం మొదలుపెట్టిందే "వీటికి సామాను దొరకదు సార్" అనే మాటతో. ఆ మాటతో మన ఇళ్ళలోంచి ఎన్ని బండ్లు సగం ధరకు వెళ్ళిపోయాయో లెక్కేసుకుంటే బాధేస్తుంది.

మూడోది, అసలు కంపెనీ పెట్టెలో వచ్చిన ఫిల్టరే కావాలని విదేశాలకు ఆర్డర్ పెట్టి, నెలల తరబడి బండి మీద కప్పు తీయకపోవడం. అలా తెప్పించుకోవడంలో తప్పు లేదు. ఇంగ్లండ్‌లో ఈ కార్లకు సామాను అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ తేలికైన చిన్న వస్తువుకు రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే అసలు ధర చిన్నబోతుంది. ఈలోగా నిలబెట్టిన బండికి బ్రేక్ సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకులో తుప్పు చేరుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. ఫిల్టర్ వచ్చేసరికి మిగతా నాలుగు పనులు పోగవుతాయి.

ఈ మూడింటికీ బదులు మేం చెప్పేది కొలత. మీ డబ్బా ఖాళీ చేసి, వెర్నియర్ కాలిపర్ పట్టుకుని, ఎలిమెంట్ బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు మిల్లీమీటర్లలో రాసుకోండి. పాత ఎలిమెంట్ నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కాక డబ్బాను కొలవండి. మూత బిగిస్తే లోపల మిగిలే ఎత్తు ఎంతో, రబ్బరు అంచు ఎక్కడ ఆనుతుందో చూడండి. గాలి బయటినుంచి లోపలికి పోతుందా, పక్కనుంచా అన్నది గుర్తుపెట్టండి. ఈ నాలుగు సంగతులు కాగితం మీద ఉంటే మీ చేతిలో ఉన్నది ఇక అరుదైన స్పోర్ట్స్ కారు ఫిల్టర్ కాదు, మామూలు గుండ్రటి ఎలిమెంట్. జనరేటర్లకు, ఎయిర్ కంప్రెసర్లకు, ఆటోలకు, చిన్న డీజిల్ ఇంజిన్లకు ఇలాంటి ఎలిమెంట్లు ఎన్నో సైజుల్లో తయారవుతాయి. ఫిల్టర్ కంపెనీల క్యాటలాగుల్లో బండి పేర్ల పట్టికతోపాటు కొలతల పట్టిక కూడా చాలావాటిలో ఉంటుంది. మనం ఎప్పుడూ మొదటి పట్టికే చూస్తాం. చూడాల్సింది రెండోది.

గాలి చాలుతుందా అన్న అనుమానం వస్తే, మడతల మొత్తం వైశాల్యం పాతదానికి తగ్గకుండా చూసుకుంటే సరిపోతుంది. మడతలు లెక్కపెట్టి, ఒక్కో మడత లోతుని, ఎత్తుని గుణిస్తే తెలిసిపోతుంది. మడతకు రెండు వైపులుంటాయని మరిచిపోకండి.

కొందరు డబ్బాలు ఎప్పుడో పోగొట్టుకున్నారు. అలాంటివాళ్ళు కార్బురేటర్ మూతికే బిగించే కొత్త గుండ్రటి ఫిల్టర్లు వెతుక్కుంటున్నారు. వాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది కార్బురేటర్ సైజు. ఎస్‌యూల్లో మనకు ఎక్కువగా తగిలేవి 1¼, 1½, 1¾ అంగుళాలవి. అంటే 31.75, 38.1, 44.45 మిల్లీమీటర్లు. సైజు తెలిస్తే సగం పని అయినట్టే. మిగతా సగంలో నాలుగు జాగ్రత్తలున్నాయి. ఇవి మన షెడ్డుల్లో చాలామందికి తెలియకుండా పోతున్నాయి కాబట్టి విడిగా చెబుతున్నాం.

ఒకటి, ఎస్‌యూ మూతి అంచు మీద బోల్టు రంధ్రాలతోపాటు చిన్న గాలి రంధ్రాలుంటాయి. లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ అడుగు భాగానికి బయటి గాలి అందేది వాటిలోంచే. కొత్త ఫిల్టర్ పలక గానీ, తిరగేసి పెట్టిన గాస్కెట్ గానీ వాటిని మూసేస్తే పిస్టన్ సరిగా లేవదు. బండి ఎంత తొక్కినా లాగదు. అప్పుడు మెకానిక్ సూదులు మార్చి, ట్యూనింగ్ మార్చి, చివరికి ఇంజిన్‌దే తప్పంటాడు. తప్పు రూపాయి ఖరీదు చేసే గాస్కెట్‌ది.

రెండు, ఇంజిన్ ఊపిరి గొట్టం. ఎంజీఏలో వాల్వ్ కవర్ నుంచి వచ్చే గొట్టం ముందు ఫిల్టర్‌కి కలుస్తుంది. కొత్త ఫిల్టర్‌కి ఆ చోటు లేకపోతే గొట్టాన్ని అలా గాలికి వదిలేస్తున్నారు. అక్కడినుంచి వడపోయని గాలి నేరుగా ఇంజిన్ నూనెలోకి పోతుంది. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టు. దానికీ ఒక చిన్న ఫిల్టర్ పెట్టాల్సిందే.

మూడు, గాలి లోపలికి పోయే మూతి అంచు గుండ్రంగా, గంట ఆకారంలో తిరిగి ఉంటే గాలి సాఫీగా పోతుంది. పదునైన అంచు దగ్గర సుళ్ళు తిరుగుతుంది. పాత డబ్బాల్లో అలాంటి ఏర్పాటు ఉంటే దాన్ని పారేసి బల్లపరుపు పలక పెట్టడం వల్ల ఖరీదైన ఫిల్టర్ పెట్టినా ఇంజిన్ బలం తగ్గడానికి వీలుంది.

నాలుగు, గాలి మరీ ధారాళంగా పోయే ఫిల్టర్ పెడితే పెట్రోల్ పాలు తగ్గి ఇంజిన్ వేడెక్కుతుంది. కార్బురేటర్ సూది సరిచూసుకోవాలి, ప్లగ్గుల రంగు చూసి నిర్ణయించాలి. ఫిల్టర్ మార్చడం అంటే బల్బు మార్చడం కాదు.

బిగించాక పరీక్ష కూడా మన చేతిలో పనే. చీకట్లో ఎలిమెంట్ లోపల చిన్న బల్బు పెట్టి చుట్టూ తిప్పి చూడండి. సూది మొన అంత వెలుగు చుక్క కనబడినా అది పనికిరాదు. బిగించి వంద కిలోమీటర్లు తిరిగాక డబ్బా విప్పి, కార్బురేటర్ మూతిని తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటిందంటే ఎక్కడో సందుంది. పెద్దాయన బండికి ఈ తెల్లగుడ్డ పరీక్ష ఎవరైనా చేసి ఉంటే రీబోరింగ్ దాకా వచ్చేది కాదు.

ఇక్కడ మనలోనే ఒక వాదన ఉంది. "అసలుది కానిది పెడితే అది వింటేజ్ కారెలా అవుతుంది?" అని. ఈ మాట అనేవాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. వాళ్ళ పట్టుదల వల్లే కొన్ని బండ్లు పుట్టినప్పటి రూపంలో నిలిచాయి. కానీ ఏది అసలు, ఏది వాడి పారేసేది అన్న తేడా చూడాలి. టైరు అరుగుతుంది, మారుస్తాం. ఇంజిన్ నూనె మారుస్తాం. 1955 నాటి నూనె కావాలని ఎవరూ అడగరు. ఎలిమెంటు కూడా అలాంటిదే. డబ్బా, దాని మూత, దాని మీది పెయింటు, దాన్ని పట్టి ఉంచే బోల్టు, ఇవి కారు ఆస్తి. లోపలి కాగితం కారు తినే తిండి. తిండి ఏ ఊరిదైనా ఫరవాలేదు, శుభ్రమైనదైతే చాలు.

చట్టం మాటేమిటి అంటారా? 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని వాహనాలకు "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ బండ్లను ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, మరమ్మతుకు నడపవచ్చు గానీ రోజూ ఆఫీసుకు, కిరాయికి నడపకూడదు. మేం చదివినంతలో ఆ నియమాల దృష్టి ఛాసిస్, బాడీ, ఇంజిన్ మీద ఉంది. డబ్బా లోపలి కాగితం మీద కాదు. ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు మార్కులు వేసే రోజున అసలు జత కావాలనుకుంటే, ఒక జత దాచుకుని ఆ రోజు పెట్టుకోండి. మిగతా రోజుల్లో ఇంజిన్‌ని కాపాడేది పెట్టండి. బూరలు పెట్టి అసలు డబ్బాలు గుజిరీకి వేసేవాళ్ళతో పోలిస్తే, అసలు డబ్బాలో కొత్త ఎలిమెంట్ పెట్టినవాడే అసలుతనాన్ని నిలబెట్టినవాడని మా వాదన.

ఇప్పుడు సంఘంగా ఏం చేయగలమో చూద్దాం.

ఫిల్టర్ తయారీ గురించి ఒక సంగతి తెలిస్తే మన దారి సులువవుతుంది. మడతల కాగితం పైనా కిందా ఉండే రబ్బరులాంటి మూతలకు అచ్చు కావాలి. ఆ అచ్చు వ్యాసాన్ని బట్టి ఉంటుంది. ఎత్తుకి అచ్చుతో పని లేదు, కాగితం ఎంత ఎత్తుకి కోస్తే అంత. అంటే వ్యాసం ఇప్పటికే ఉన్న ఏదో అచ్చుకి కలిస్తే, మన ఎత్తుకి చేసివ్వడం చిన్న పరిశ్రమకు పెద్ద పని కాదు. కొత్త అచ్చు అడిగితేనే ఖర్చు. పీణ్యలాంటి పారిశ్రామికవాడ ఉన్న ఊళ్ళో, మోటారు సామాను తయారీ చూస్తూ పెరిగిన ఊళ్ళో, ఈ పని చేయించుకోలేకపోవడం మన బద్ధకమే. అయితే రెండు ఫిల్టర్ల కోసం ఎవరూ మెషీన్ ఆపి మన పని చేయరు. యాభై అంటే వింటారు. అందుకే ఒంటరిగా వెళ్ళకూడదు.

కాబట్టి మా ప్రతిపాదన. సంఘంలో ఒక కొలతల పుస్తకం పెడదాం. ఒక్కో బండికి ఒక్కో పేజీ. బండి రకం, సంవత్సరం, కార్బురేటర్ సైజు, ఎలిమెంట్ మూడు కొలతలు, ప్రస్తుతం ఏది పెట్టారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, తెల్లగుడ్డ పరీక్ష ఫలితం. పేరు, నంబరు ప్లేటు అక్కర్లేదు. పేజీలు పెరిగాక ఒకే వ్యాసం ఉన్నవి జత చేసి ఒకేసారి ఆర్డర్ ఇద్దాం. ఎవరి ఫిల్టర్ డబ్బు వాళ్ళదే, సంఘం నిధి నుంచి పైసా అడగం.

"స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్ళ సరదాకి సంఘం సమయం ఎందుకు?" అని కొందరు అడిగారు. అడగడం న్యాయమే. మా జవాబు ఏమిటంటే, ఈ పుస్తకం స్పోర్ట్స్ కార్లతో ఆగదు. మన సంఘంలో అంబాసిడర్లు, పద్మినీలు ఉన్నాయి. మైసూరులో తయారైన యెజ్డీలు ఉన్నాయి. ఆ కర్మాగారం మూతపడింది 1996లో. మన బెంగళూరులోనే పుట్టిన సిపానీ డాల్ఫిన్ ఉంది కదా, ఫైబర్ బాడీ, 848 సీసీ ఇంజిన్, తేలిగ్గా ఉంటుందని ర్యాలీ కుర్రాళ్ళు ఎగబడిన బండి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు. తల్లీతండ్రీ లేని ఈ బండ్లన్నిటి సమస్య ఒకటే. పార్టు నంబరుకు జవాబిచ్చే కంపెనీ లేదు, కొలతకు జవాబిచ్చే మనుషులున్నారు.

ఆ మనుషులు కూడా ఎన్నాళ్ళుంటారు? ఇదే మా అసలు దిగులు. జేసీ రోడ్డులో, కలాసిపాళ్యంలో, శివాజీనగర్ గుజిరీలో ఒక వస్తువును చేత్తో తూచి "ఇది ఫలానా బండిది, కానీ దానికి కూడా పడుతుంది" అని చెప్పగలిగే పెద్ద మేస్త్రీలు ఒక్కొక్కరే షట్టర్ దించుకుంటున్నారు. వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళారు, వెళ్ళడం మంచిదే. వాళ్ళకు తెలిసినదంతా వాళ్ళ తలల్లోనే ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. మనం వాళ్ళ దగ్గరికి బేరమాడడానికే వెళ్తున్నాం, అడిగి రాసుకోవడానికి వెళ్ళడం లేదు. కొలతల పుస్తకంలో మొదటి పేజీలు వాళ్ళను కూర్చోబెట్టి, టీ తెప్పించి, వాళ్ళు చెబుతుంటే రాయాలి. అలా చెప్పిన ప్రతి మేస్త్రీ పేరు, వాళ్ళకు ఇష్టమైతే, ఆ పేజీ కింద ఉండాలి. చెప్పినందుకు వాళ్ళ సమయానికి డబ్బు కూడా ఇవ్వాలి. ఉచిత సలహా అడిగే అలవాటు మానుకుందాం.

మనవాళ్ళలో చాలామంది చలికాలంలో పాత బండ్లేసుకుని లేపాక్షి దాకా వెళ్ళొస్తుంటారు. ఇక్కడినుంచి సుమారు 120 కిలోమీటర్లు. దారిలో చిక్కబళ్ళాపురం వైపు క్వారీల లారీలు, వాటి వెనక తెల్లటి దుమ్ము ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఈసారి బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. బానెట్ తీసి, డబ్బా విప్పి, కొలతలు రాసి మాకు పంపండి. బూరలున్నవాళ్ళు అటక మీద వెతికి పాత డబ్బాలు కిందికి దించండి. సొట్టపోయినా, తుప్పుపట్టినా ఫరవాలేదు, బాగుచేయించవచ్చు. డబ్బాలు ఎక్కువున్నవాళ్ళు లేనివాళ్ళకి ఒక జత అప్పివ్వండి, కొలిచి నమూనా చేయించుకుని తిరిగి ఇచ్చేస్తారు.

ముందుగా ఇరవై బండ్ల కొలతలు వస్తే మొదటి ఆర్డరు సంగతి వచ్చే సమావేశంలో మాట్లాడదాం. వెర్నియర్ కాలిపర్ లేనివాళ్ళు చెప్పండి, మా దగ్గర రెండున్నాయి, ఇంటికే తెచ్చి కొలిచిపెడతాం.